ఆధారం ఆ ముగ్గురికే దొరకాలి

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల పంపిన మేరకు చదివాను. సత్యనారాయణపురంలో ఒకే వీధిలో ముప్పయ్యేళ్ళు ఇరుగుపొరుగుగా బతికిన ముగ్గురు ఆడవాళ్ళు అరవై దాటాక అండమాన్ బయల్దేరడం నాకు ఎంతో నచ్చింది. పక్కగదిలో దిగిన పెద్దాయన శవం ఒడ్డున దొరికేసరికి ఇక కాగితాలు కింద పెట్టలేకపోయాను.

కోపం వచ్చింది ఆ తర్వాతే. కేసంతా ఇన్‌స్పెక్టరు తేల్చేస్తున్నాడు. నీ ఆడవాళ్ళేమో మోకాళ్ళ నొప్పులూ, సూట్‌కేసులో కారిపోయిన ఆవకాయా తప్ప ఇంకేమీ పట్టనట్టు తిరుగుతున్నారు. ఆ వయసువాళ్ళని కథల్లో నవ్వులపాలు చేసినవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారమ్మా. నువ్వు ఆ పని చెయ్యకు. ఇన్నేళ్ళ బతుకులో వాళ్ళకి తెలిసొచ్చిన విషయాలే ఈ కేసు విప్పాలి.

దానికి దారి నీ మూడో అధ్యాయంలోనే ఉంది. డిసెంబరు నెల. సాయంత్రం ఆరింటికి పెద్దాయన రాధానగర్ బీచ్‌లో నడుస్తుంటే దూరం నుంచే ముఖం గుర్తుపట్టానని రిసార్టు మేనేజరు చెబుతాడు. నువ్వు మన బెజవాడ సాయంత్రాన్ని ఊహించుకుని రాశావు. దేశమంతటికీ గడియారం ఒకటే. అది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకి దగ్గరగా పోతుంది. అండమాన్ అక్కణ్ణించి ఇంకో పది డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 40 నిమిషాల తేడా. డిసెంబరులో అక్కడ ఐదు గంటల ప్రాంతంలోనే పొద్దు కుంకుతుంది. ఆరింటికి చీకటి. ఆ చీకట్లో దూరం నుంచి ముఖం ఎలా కనపడింది?

కాబట్టి ఆ వాక్యం కొట్టెయ్యకు. దాన్నే ఆధారం చెయ్యి.

ఎవరు పట్టుకోవాలంటావా? రోజూ తులసికోట దగ్గర దీపం పెట్టే ఆవిడ. ఊరెళ్ళినా చిన్న ప్రమిద, నాలుగు వత్తులు, మూత బిగించిన నూనె సీసా ఆవిడ సంచిలో ఉంటాయి. మొదటిరోజు ఇంటి అలవాటు ప్రకారం ఐదున్నరకి వత్తి తడిపి బాల్కనీలోకి వస్తే అప్పటికే చీకటి పడిపోయింది. వేళ దాటిపోయిందే అని నొచ్చుకుని, మర్నాటి నుంచి ఐదింటికే సిద్ధమవుతుంది. ఈ సంగతి శవం దొరక్కముందే రాసెయ్యాలి. ఆవిడ చాదస్తం అనుకుని పాఠకుడు దాటిపోవాలి. మేనేజరు మాట చెవిన పడగానే ఆవిడకి అనుమానం వస్తుంది, కారణం మాత్రం తెలీదు. సోషల్ టీచరుగా రిటైరైన ఆవిడ రేఖాంశం లెక్క చెబుతుంది. ఒకరు చూసినదాన్ని ఇంకొకరు రుజువు చెయ్యడం, స్నేహం అంటే అదే కదా.

బ్యాంకులో పనిచేసిన మూడో ఆవిడకి రిసార్టు రిజిస్టరులో పెద్దాయన పేరిట ఉన్న సంతకం చూపించు. చూసి దించిన సంతకంలో కలం తడబడుతుంది, మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంది. సంతకాలు సరిచూసిన కళ్ళు అది వదలవు.

చిన్నవి రెండు. ముగ్గురూ కాలేజీ అమ్మాయిల్లా పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు. ఆ వీధిలో వదినగారూ, అక్కయ్యగారూ అనే పిలుపులే వినపడతాయి. ఇక కథ ఏ ఏడాదిదో తేల్చుకో. రాధానగర్ బీచ్ ఉన్న హేవ్‌లాక్ దీవి 2018లో స్వరాజ్ ద్వీప్ అయింది, పోర్ట్ బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. బోర్డుల మీద ఏం కనపడాలో దాన్నిబట్టే ఉంటుంది.

చీకట్లో ముఖం ఎలా కనపడిందని మేనేజరు ఎదుట అనేది ఎవరో నువ్వింకా రాయలేదు. నన్నడిగితే దీపం పెట్టే ఆవిడే అనాలి. మొగుడి ముందు గానీ కొడుకు ముందు గానీ గొంతు పెంచని మనిషని రాశావు. ఆవిడ నోట ఆ ప్రశ్న వచ్చేటప్పుడు మిగతా ఇద్దరూ అటూ ఇటూ నిలబడి ఉండాలి, మధ్యలో కల్పించుకోకూడదు. ఆ సీను ముందు రాసి పంపు. మిగతా అధ్యాయాలు తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ పిన్ని