షట్టర్ లేపుతుందని నమ్మించి అమ్మిన పవర్ స్టేషన్: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: కొంపల్లిలో మాకు సొంతిల్లు ఉంది. కారు పార్కింగుకి అర హెచ్‌పీ (370 వాట్లు) మోటారు షట్టర్ బిగించాం. కరెంటు పోయినా షట్టర్ లేవాలని 2024 నవంబరు 6న నగరంలోని ఒక డీలరు దగ్గర 600 వాట్ల పోర్టబుల్ పవర్ స్టేషన్ (బ్యాటరీ, ఇన్వర్టర్ కలిసి ఉన్న పెట్టె) రూ. 42,000కు కొన్నాను. కొనేముందు వాట్సాప్‌లో మోటారు ఫొటో పంపి అడిగితే ‘నడుస్తుంది సార్, గ్యారంటీ’ అన్నాడు. రెండు వారాల తర్వాత కరెంటు పోయినప్పుడు పెట్టి చూస్తే ఓవర్‌లోడ్ అని చూపించి ఆగిపోయింది. అప్పట్నుంచీ ఎప్పుడు ఫోన్ చేసినా మనిషిని పంపుతానంటాడు. మొన్న వేసవిలో అర్ధరాత్రి అమ్మకి ఆయాసం వచ్చింది. కారు తీయలేక ఆటో కోసం రోడ్డు మీద పరిగెత్తాం. ఆ రాత్రి పడిన నరకం మాటల్లో చెప్పలేను. మా ఎలక్ట్రీషియన్ పెట్టె విప్పి చూసి అంతా బాగానే ఉందన్నాడు. రెండు వైపులా ప్లగ్గు ఉన్న వైరుతో గోడ సాకెట్‌లోకి సప్లై ఇస్తే షట్టర్ లేస్తుందంటున్నాడు. డీలరు మీద చీటింగ్ కేసు పెట్టి పది లక్షలు అడగవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: పది లక్షల సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో కేసుని తేల్చే వాక్యం ఒకటే ఉంది. కొనకముందే మోటారు ఫొటో పంపి అడిగారు, డీలరు నడుస్తుందని రాసి ఇచ్చాడు. మీకు గెలుపు వస్తే దానివల్లే వస్తుంది.

ఆ పెట్టె చెడిపోయిందని మీరు అనుకుంటున్నట్టున్నారు. అది చెడిపోలేదు. మోటారు మీద రాసిన 370 వాట్లు షాఫ్టు దగ్గర అది ఇచ్చే శక్తి. లైను నుంచి లాగేది 550 నుంచి 600 వాట్ల దాకా ఉంటుంది, అంటే సుమారు 3 ఆంపియర్లు. ఆగి ఉన్న మోటారు షట్టర్ బరువుని కదిలించే తొలి క్షణంలో దానికి నాలుగు నుంచి ఆరు రెట్లు లాగుతుంది. ఐదు రెట్లు అనుకున్నా 15 ఆంపియర్లు, 230 వోల్టుల దగ్గర 3,450 వీఏ (వోల్టులని ఆంపియర్లతో గుణిస్తే వచ్చే లోడు). 600 వాట్ల పెట్టెలు క్షణకాలం మోయగలిగే సర్జ్ సాధారణంగా 1,200 వాట్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే తనని తాను కాపాడుకోవడానికి ఆగింది. బ్యాటరీ చాలకపోవడం అసలు సమస్యే కాదు. షట్టర్ లేవడానికి అర నిమిషం పడితే ఖర్చయ్యేది 5 వాట్ అవర్లు మాత్రమే. ‘బూస్ట్ మోడ్ ఉంది కదా’ అని డీలరు అనవచ్చు. ఆ మోడ్ వోల్టేజీ తగ్గించి హీటర్ల లాంటివాటిని నడుపుతుంది. వోల్టేజీ 70 శాతానికి పడితే మోటారు బలం సగానికి పడిపోతుంది. షట్టర్ లేవదు, మోటారు హమ్మంటూ వేడెక్కుతుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ‘తయారీ లోపం’ అని ఫిర్యాదు రాస్తే మీరు ఓడిపోతారు. కంపెనీ మనిషి వచ్చి అదే పెట్టె మీద ఫ్యాను, టీవీ నడిపి చూపించి వెళ్తాడు. మీ కేసు వేరు. వస్తు విక్రయ చట్టం 1930, సెక్షన్ 16(1) ప్రకారం కొనేవాడు ఫలానా పనికి కావాలని ముందే తెలియజేసి, అలాంటి సరుకు అమ్మే వ్యాపారి నైపుణ్యాన్ని నమ్మి కొంటే, సరుకు ఆ పనికి పనికిరావాలన్నది ఒప్పందంలోనే ఉన్న షరతు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(10) ఇంకా సూటిగా ఉంది. వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణం సరుకులో లేకపోయినా అది ‘లోపమే’. కాబట్టి ల్యాబ్ పరీక్ష లేకుండానే మోటారు నేమ్ ప్లేటు, పవర్ స్టేషన్ లేబులు, వాట్సాప్ సందేశం పక్కపక్కన పెట్టి కేసు నడపవచ్చు. ‘బ్రాండు పేరు చూసి కొన్నారు, నాకు సంబంధం లేదు’ అని డీలరు వాదిస్తాడు. సెక్షన్ 16లోనే ట్రేడ్ పేరుతో కొన్న వస్తువుకి ఒక మినహాయింపు ఉంది. దానికి జవాబు మీ ప్రశ్నలోనే ఉంది: బ్రాండునే నమ్మి ఉంటే మోటారు ఫొటో పంపి అడిగేవారే కాదు.

మరి ఆ చాట్ ఇప్పుడు ఎక్కడుంది? మీరు చెప్పలేదు. ఫోన్ మార్చి ఉంటే పాతది అమ్మేయకండి. ‘డిసప్పియరింగ్ మెసేజెస్’ ఆన్‌లో ఉంటే ఈరోజే ఆపండి. చాట్ మొత్తం, ఫొటోతో సహా, ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ముక్కలుగా కత్తిరించిన స్క్రీన్‌షాట్లు పనికిరావు. తేదీ, డీలరు నంబరు కనబడాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో ఎలక్ట్రానిక్ రికార్డుకి సెక్షన్ 63 సర్టిఫికెట్ ఉంది. పార్ట్ ఎ మీరు, పార్ట్ బి నిపుణుడు సంతకం చేయాలి. వినియోగదారుల కమిషన్‌లో విచారణ ప్రధానంగా అఫిడవిట్లు, పత్రాల మీదే సాగుతుంది. అయినా జత చేయండి, అవతలి లాయరుకి అభ్యంతరం మిగలదు.

ఇక మీరు చేసిన రెండు పొరపాట్లు. ఒకటి, పెట్టె విప్పించడం. సీలు తెగిన వస్తువు ఎదుటివాడి చేతికి మీరే ఇచ్చిన ఆయుధం. తయారీ లోపం మీద నడిచే కేసయితే అక్కడే ముగిసేది. ఇకపై ఎవరినీ స్క్రూ కూడా ముట్టనివ్వకండి. రెండోది ఇంకా పెద్దది. ఏడాదికి పైగా ఫోన్లలోనే కాలక్షేపం చేశారు! సరుకు వద్దని ఒక్క ముక్క కూడా రాయకుండా ఉంచుకుంటే, వస్తు విక్రయ చట్టం సెక్షన్ 42 కింద అంగీకరించినట్టే అంటారు. నష్టపరిహారం హక్కు అప్పటికీ ఉంటుంది గానీ వాపసు అడిగే బలం తగ్గుతుంది. వారంటీ ఇంకా ఉందిలే అన్న ధీమా ఉంటే అదీ వద్దు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. మొదటిసారి ఆగిన రోజు నుంచి లెక్క అని వాదించవచ్చు, కానీ ఆ పందెం మీకెందుకు? కొన్న తేదీ నుంచే లెక్కపెట్టి 2026 నవంబరు 6కు చాలా ముందే వేయండి. లీగల్ నోటీసు పంపినా, వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కి చెప్పినా గడువు ఆగదు. ‘మనిషిని పంపుతానన్నాడు’ అన్నది ఆలస్యాన్ని క్షమించడానికి సరిపోయే కారణమని నేను భరోసా ఇవ్వలేను.

ఎలక్ట్రీషియన్ చెప్పిన రెండు ప్లగ్గుల వైరు జోలికి పోవద్దు. గోడలోంచి వెళ్లినా మోటారుని లేపాల్సింది అదే 600 వాట్ల పెట్టె, కాబట్టి మళ్లీ ఆగుతుంది. ఒక చివర సాకెట్‌లో ఉండగా రెండో చివర పిన్నుల మీద 230 వోల్టులు బయటికే ఉంటాయి. పిల్లవాడు ముట్టుకుంటే ప్రాణం పోతుంది. మెయిన్ ఆపడం మరిచిపోతే మీ సప్లై వీధి లైనులోకి వెళ్తుంది. అక్కడ కరెంటు లేదనుకుని పని చేస్తున్న లైన్‌మన్ ఉండవచ్చు. అసలు సప్లై తిరిగి వస్తే ఇన్వర్టర్ కాలిపోతుంది. ఎవరైనా చనిపోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) (నిర్లక్ష్యంతో మరణానికి కారణం కావడం) కింద ముద్దాయి మీరే అవుతారు. తర్వాత పెట్టె వల్ల హాని జరిగిందన్నా, వస్తువుని దుర్వినియోగం చేసినవాడికి అమ్మకందారు మీద ప్రాడక్ట్ లయబిలిటీ దావా (వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం అడిగేది) లేదని వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 87(1) చెబుతోంది. చీటింగ్ కేసుకి అమ్మేనాడే మోసం చేయాలన్న ఉద్దేశం రుజువు కావాలి. అది లేకపోతే సివిల్ వివాదమంటారు, ఈలోపు మీ గడువు కరిగిపోతుంది.

పది లక్షలు మరిచిపోండి. సైడ్ మోటారు (పక్కన బిగించే మోటారు) షట్టర్లకి కరెంటు లేనప్పుడు చేత్తో లాగే గొలుసు ఉంటుంది. ఆ రాత్రి దాన్ని ఎందుకు లాగలేదని మొదటి ప్రశ్న వేస్తారు. మీ చేతిలో ఉన్న మార్గం వాడుకోకపోతే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 వివరణ అదే చెబుతుంది. గొలుసు తెగి ఉంటేనో, అసలు బిగించకపోతేనో ఫొటో తీసి పెట్టండి. ఆటో బిల్లు, ఆస్పత్రి చీటీ తేదీ కోసం పనికొస్తాయి, అంతకు మించి వాటి మీద ఆశ పెట్టుకోకండి.

ఈ వారంలోనే డీలరుకి, తయారీ కంపెనీకి అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చాట్ తేదీ, రెండు లేబుళ్ల అంకెలు రాసి, సరుకుని తిరస్కరిస్తున్నానని, 15 రోజుల్లో వచ్చి తీసుకెళ్లి రూ. 42,000 ఇవ్వాలని అడగండి. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అని ఉన్నా భయపడవద్దు. లోపమున్న సరుకుని బిల్లులో చెప్పిన గడువులో, గడువేదీ లేకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు మీ పేరునే ఉందా, ఏదైనా సంస్థ జీఎస్టీ నంబరుతో తీసుకున్నారా చూడండి. రెండోదైతే వాణిజ్య అవసరమనే అభ్యంతరం వస్తుంది, ఇంటికోసమే కొన్నట్టు ఆధారం సిద్ధం చేసుకోవాలి.

జవాబు రాకపోతే మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే, వినియోగదారుల ఫిర్యాదులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఫిర్యాదు వేయవచ్చు. ఐదు లక్షల లోపు ధరకి ఫీజు లేదు. ధర, దాని మీద వడ్డీ, పరిమితమైన పరిహారం, ఖర్చులు అడగండి. ఇదే మోటారుకి మరొకటి కొనే పనైతే 2,000 వాట్లు, సర్జ్ 4,000 వాట్లు ఉన్న ప్యూర్ సైన్ వేవ్ (లైను కరెంటు లాంటి సప్లై ఇచ్చే) యంత్రం చూసుకోండి. అంతకంటే ముందు క్లాంప్ మీటరులో (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే పరికరం) ఇన్‌రష్ అనే సెట్టింగు పెట్టి మోటారు స్టార్టింగ్ కరెంటు కొలిపించండి. ఆ కాగితం ఈ కేసులోనూ పనికొస్తుంది. పాత పెట్టెని తీర్పు వచ్చేదాకా అమ్మకండి, సగం చార్జింగుతో ఉంచి మూడు నెలలకోసారి చూసుకోండి. సున్నాకి పడిన లిథియం బ్యాటరీ చచ్చిపోతే, పాడు చేసింది మీరేనంటారు.