టీపాట్ అడుగున ముద్రలు: వెండా, వెండి పూతా?

రైల్వేలో పనిచేసిన ఇంగ్లీషు అధికారి స్వదేశానికి వెళ్ళిపోతూ మీ తాతగారికి ఇచ్చిన టీపాట్ గురించి అడిగారు. అడుగున చిన్న జెండా, అందులో డబ్ల్యూ అండ్ హెచ్, పక్కన గళ్ళలో ఇ, పి, ఎన్, ఎస్ అక్షరాలు, ఆ కింద 4 అంకె ఉన్నాయని రాశారు. అది వెండి కాదండీ, వెండి పూత. నేనైతే ఇదే పప్పులో డబ్బిచ్చి మరీ కాలేశాను.

ఇంగ్లండులోని డెర్బీలో ఉంటాను. ఇక్కడ ఆదివారం పొద్దున్నే ఏదో ఒక మైదానంలో జనం కార్ల డిక్కీలు తెరిచి ఇంట్లోని పాత సామాను అమ్ముకుంటారు. అక్కడ 40 పౌండ్లు పెట్టి ఒక చక్కెర గిన్నె కొన్నాను. అడుగున డాలు ఆకారంలో నాలుగు గళ్ళు, వాటిలో మెలికలు తిరిగిన గోథిక్ అక్షరాలు, చివర కిరీటం. అసలు వెండి మీద 1975 దాకా కిరీటమే షెఫీల్డ్ పట్టణపు గుర్తని ముందురోజు రాత్రే చదివి ఉన్నాను. అరకొర చదువు ఎంత పని చేస్తుందో చూడండి! ఆ మెలికల్లో ఉన్నవి ఇ, పి, ఎన్, ఎస్ అని పోల్చుకోలేకపోయాను.

అప్పుడు మా అమ్మ మా దగ్గరే ఉంది. గిన్నె నల్లగా ఉందని చింతపండు పెట్టి తోమేసింది. నలుపు వదిలాక అంచున అరిగిన చోట పసుపు ఛాయ కనిపించింది. "ఇది మన పెళ్ళిళ్ళలో పంచే జర్మన్ సిల్వర్‌లా ఉందిరా" అంది. సరిగ్గా అదే. ఎన్, ఎస్ అంటే నికెల్ సిల్వర్, అంటే మన జర్మన్ సిల్వరే. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. పేరులో తప్ప అందులో వెండి లేదు. ఇ, పి అంటే దానిమీద కరెంటుతో పూత వేశారని. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఎల్కింగ్టన్‌లు 1840లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. ఆ కిరీటం మాటా చెప్పాలి. పూత సామాన్ల మీద కూడా కిరీటం వేసేవారు. అసలు వెండితో గందరగోళం అవుతోందని 1896లో దాన్ని మాన్పించారు. కాబట్టి నా గిన్నె అంతకు ముందుది. నేను పొందిన ఓదార్పు అంతే.

మీ జెండా వాకర్ అండ్ హాల్ అనే షెఫీల్డ్ కంపెనీది. 1845లో మొదలైంది. అయితే అదే జెండాను వాళ్ళు అసలు వెండి వస్తువుల మీదా వేశారు. అందుకే తయారీదారు ముద్రతో వెతుకులాట మొదలుపెట్టవద్దంటాను. ముందు సింహం ఉందో లేదో చూడండి. ముందుకాలు ఎత్తి పక్కకు నడుస్తున్న సింహం. ఇంగ్లండులో 1544 నుంచి నూటికి 92.5 పాళ్ళ వెండికి అదే గుర్తు. 1697 నుంచి 1720 వరకు మాత్రం 95.8 పాళ్ళు తప్పనిసరి చేసి, సింహం బదులు కూర్చున్న స్త్రీమూర్తిని వేశారు. ఆ కాలపు వస్తువులు మన చేతికి వచ్చేది తక్కువే.

తర్వాత నేను కొన్న అసలు వెండి చెంచా ఇప్పుడు నా ముందుంది. కాడ వెనక బియ్యపు గింజంత ముద్రలు. సింహం, కిరీటం పెట్టుకున్న చిరుతపులి తల, పెద్ద జి అక్షరం, రాజుగారి తల, చివరి గడిలో పైన డబ్ల్యూ ఇ, కింద డబ్ల్యూ ఎఫ్. పులి తల అంటే లండన్. 1821 దాకా దానికి కిరీటం ఉండేది. రాజుగారి తల పన్ను కట్టారనడానికి గుర్తు, 1784 నుంచి 1890 వరకే కనిపిస్తుంది. జి అక్షరం 1802 సంవత్సరానిది. లండన్‌లో 1974 దాకా ఏడాదికొకటి చొప్పున, జె లేకుండా ఏ నుంచి యు దాకా 20 అక్షరాలు తిరిగేవి, ప్రతి చుట్టుకూ అక్షరాల తీరు, గడి ఆకారం మారేవి. ఈ అక్షరాల పట్టికతో పోల్చేటప్పుడు అక్షరంతో పాటు గడి మూలలు కూడా చూడకపోతే 20 ఏళ్ళు తేడా వస్తుంది. ఊరు, సంవత్సరం తేలాకే ఆ నాలుగక్షరాల సంగతి చూశాను. విలియం ఈలీ, విలియం ఫెర్న్ అనే భాగస్వాములు. ఊరూ ఏడూ తెలియకుండా పొడి అక్షరాలు వెతికితే అవే పొడి అక్షరాలవాళ్ళు పదిమంది తగులుతారు. పైగా ఆ ముద్ర వస్తువును పరీక్షకు పంపి పూచీ పడినవారిది. సుత్తి పట్టినవాడు వేరే అయి ఉండవచ్చు. అన్నట్టు, మనం బంగారం కొట్లో అడిగే హాల్‌మార్క్ అన్న మాట లండన్ గోల్డ్‌స్మిత్స్ హాల్ నుంచే వచ్చింది. 1478 నుంచి వస్తువులను అక్కడికి తెచ్చి ముద్ర వేయించుకోవాల్సి వచ్చేది.

అరిగిన ముద్రలు చదవడానికి ఒక ఉపాయం. కాటుక పట్టినట్టు దీపం పొగను ముద్రల మీద సన్నగా పట్టనివ్వండి. చల్లారాక సెల్లోటేపు అదిమి, తీసి తెల్ల కాగితం మీద అంటించండి. భూతద్దంలో కూడా తేలని గీతలు నల్లగా కనిపిస్తాయి. మీ టీపాట్‌కు మాత్రం చింతపండూ విభూతీ పెట్టకండి, పూత లేచిపోతుంది. గోరువెచ్చని సబ్బునీళ్ళు, మెత్తని గుడ్డ చాలు.

ఇక ఆ 4 అంకె. టీపాట్‌ల మీద అది సాధారణంగా అర పింట్ల లెక్క. నాలుగు అర పింట్లంటే దాదాపు 1.1 లీటరు. నీళ్ళు పోసి కొలిచి చూడండి.