9 రోజుల్లో ఆస్ట్రేలియా: జూలైలో వస్తే ఏ ఊళ్ళు ఉంచుకోవాలి, ఏవి వదులుకోవాలి

మీ ప్రశ్న చదవగానే మా నాన్నగారి నోట్‌బుక్ గుర్తొచ్చిందండీ. జూలైలో 9 రోజులు సెలవు దొరికింది, మీరిద్దరూ, ఎనిమిదేళ్ళ పాప, 66 ఏళ్ళ మీ అమ్మగారు కలిసి హైదరాబాద్ నుంచి వస్తున్నారు. సిడ్నీ, మెల్‌బోర్న్, కెయిర్న్స్, ఎడారిలో పెద్ద ఎర్ర రాయి ఉండే ఉలూరు, వీలైతే పెర్త్ ఏ వరసలో చూడాలని అడిగారు. వరస సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ ఐదింట్లో మూడు కొట్టెయ్యండి. ఏ మూడో, ఎందుకో నా అనుభవం కొద్దీ చెప్తాను.

నేను మెల్‌బోర్న్‌లో 11 ఏళ్ళుగా ఉంటున్నాను. అమ్మానాన్నలు కాకినాడ నుంచి రెండుసార్లు వచ్చారు. మొదటిసారి డిసెంబరులో. మా ఇద్దరికీ ఆఫీసు సెలవులు 8 రోజులే. ఇంత దూరం వచ్చారు కదా, అన్నీ చూపించెయ్యాలని నా ఆత్రం. సిడ్నీలో 2 రాత్రులు, గోల్డ్ కోస్ట్‌లో 2, కెయిర్న్స్‌లో 3, మళ్ళీ ఇంటికి. నాలుగు విమానాలు. నాన్నగారు లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, ఏదైనా రాసిపెట్టుకునే అలవాటు. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే కాఫీ తాగుతూ నోట్‌బుక్ తెరిచి, "అమ్మాయ్, ఎయిర్‌పోర్టుల్లో, విమానాల్లో, టాక్సీల్లో కలిపి 31 గంటలు కూర్చున్నాం" అన్నారు. తప్పు పట్టే గొంతు కాదు, ఉన్న లెక్క చెప్పారంతే. మెలకువగా ఉన్న టైంలో దాదాపు నాలుగో వంతు. షుగరున్న మనిషి, వేళకి తిండి లేక ఆ వారమంతా నీరసపడ్డారు. వాళ్ళు వెళ్ళిపోయాక ఎన్నాళ్ళో నాకది మనసులోంచి పోలేదు.

అప్పట్నుంచీ ఎవరు అడిగినా ముందు దూరాల్ని గంటల్లోకి మార్చుకోమంటాను. మ్యాపులో ఈ దేశం ఓ మూలన ఒదిగి ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, వైశాల్యం దాదాపు 77 లక్షల చదరపు కిలోమీటర్లు. మన దేశానికి రెండింతలు దాటి ఉంటుంది. సిడ్నీ నుంచి పెర్త్‌కి విమానంలోనే ఐదు గంటలు, హైదరాబాద్ నుంచి దుబాయ్ ఇంతకంటే దగ్గర. సిడ్నీ, మెల్‌బోర్న్ పక్కపక్క ఊళ్ళలా అనిపిస్తాయి, మధ్యన రోడ్డు 880 కిలోమీటర్లు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో దిగితే ఉలూరు పక్కనే ఉంటుందనుకుని టికెట్లు తీసుకున్నవాళ్ళు నాకు తెలుసు. అక్కణ్ణుంచి ఉలూరు ఇంకా 450 కిలోమీటర్లు. విజయవాడ నుంచి చెన్నై ఎంతో అంత. దారిలో ఆగడానికి ఉండే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. విమానం గంటన్నరే కదా అనుకున్నా రూము ఖాళీ చెయ్యడం, సామాను, చెకిన్, మళ్ళీ కారు అన్నీ కలిపితే ఊరు మారిన ప్రతిసారీ కనీసం సగం రోజు పోతుంది. పెద్దవాళ్ళతో అయితే రోజంతా పోయినట్టే. మీ 9 రోజుల్లో హైదరాబాద్ నుంచి రానుపోను రెండు పోతే చేతికి మిగిలేవి 7. ఆ ఏడింట్లో నాలుగుసార్లు ఊరు మారితే ఏం మిగులుతుందో మీరే చూడండి.

ఇక నెల సంగతి. జూలై అంటే ఇక్కడ నడి చలికాలం. కానీ ఆ చలి దేశమంతా ఒకేలా ఉండదు. మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం 13, 14 డిగ్రీలు, సన్నగా వాన, గాలి, సాయంత్రం ఐదుంబావుకల్లా పొద్దు గుంకుతుంది. ఉత్తరాన కెయిర్న్స్‌లో అదే రోజు 26 డిగ్రీలుంటుంది, వానలుండవు. నడిమధ్య ఎడారిలో ఉలూరు దగ్గర పగలు 20, హాయిగా నడవచ్చు, రాత్రి మాత్రం ఎముకలు కొరికేస్తుంది. మేం డిసెంబరులో కెయిర్న్స్ వెళ్ళి దెబ్బతిన్నది ఇక్కడే. అక్కడ నవంబరు నుంచి మే దాకా సముద్రంలో విషపు జెల్లీ చేపల కాలం. ఒళ్ళంతా కప్పే సూటు వేసుకుని దిగాలి, లేకపోతే వల కట్టిన చోటే ఈదాలి. పైగా ఉక్కపోత, వాన. అమ్మ మూడు రోజుల్లో సముద్రం అంచుకి ఒక్కసారే వెళ్ళింది. అదే ఊరు జూలైలో చూసినవాళ్ళు మాత్రం ఎంతో మెచ్చుకుంటారు.

కాబట్టి మొదటి కొట్టివేత పెర్త్. మంచి ఊరే, కానీ దానికోసం విడిగా రావాలి.

రెండోది మెల్‌బోర్న్. నేనుండే ఊరు, నాకు ప్రాణం. అయినా జూలైలో 7 రోజులే చేతిలో ఉన్నవాళ్ళని ఇక్కడికి రమ్మనను. ఇక్కడికొచ్చే ప్రతివాళ్ళూ చూడాలనుకునేది గ్రేట్ ఓషన్ రోడ్. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, చనిపోయిన తోటివాళ్ళ జ్ఞాపకంగా 1919 నుంచి 1932 దాకా కొండ తొలిచి వేసిన రోడ్డది. అలాంటి రోడ్డు మీద ఆగి ఆగి వెళ్ళాలి. ఒక జూలైలో మా పిన్ని కొడుకు వస్తే పొద్దున ఏడింటికి బయల్దేరాం. చివర్న ట్వెల్వ్ అపాసిల్స్ రాళ్ళ దగ్గరికి చేరేసరికి వాన, చీకటి. తిరుగు దారిలో కంగారూలు అడ్డొస్తాయేమోనని మూడు గంటలపాటు బిక్కుబిక్కుమంటూ కారు నడిపాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో రండి, ఇంటికి భోజనానికి పిలిచి మరీ చూపిస్తాను.

సిడ్నీని ఉంచుకోండి. దిగడానికి, తిరిగి వెళ్ళడానికి వీలైన ఊరు. చలి భరించేటట్టుగానే ఉంటుంది, పగలు 17 దాకా. కారు అక్కర్లేదు. హార్బర్‌లో మ్యాన్లీ ఫెర్రీ ఎక్కితే అర్ధగంటలో ఓపెరా హౌస్, బ్రిడ్జి రెండూ నీళ్ళమీంచి కనిపిస్తాయి, మామూలు సిటీ టికెట్టే. సెంట్రల్ స్టేషన్ నుంచి రెండు గంటల రైల్లో కటూంబా వెళ్తే బ్లూ మౌంటెన్స్. అమ్మగారికి గుడికి వెళ్ళాలనిపిస్తే ఊరికి దక్షిణాన హెలెన్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి ఆలయం ఉంది, కారులో గంట లోపే. చెట్ల మధ్య తెల్లటి గోపురం కనిపించగానే మా నాన్నగారి మొహంలో అలసటంతా పోయింది. మొదటి ట్రిప్పులో ఆయన నోట్‌బుక్‌లో 'బాగుంది' అని రాసుకున్న ఒకే ఒక్క పూట అది.

ఇంక మిగిలినవి కెయిర్న్స్, ఉలూరు. రెండూ జూలైకి తగినవే. రెండూ పెట్టుకుంటే మళ్ళీ మా 31 గంటల లెక్కలోకి వస్తారు, ఒకటే ఎంచుకోండి.

పాప వయసు చూస్తే కెయిర్న్స్ అనాలి. ఊళ్ళోనే సముద్రం ఒడ్డున డబ్బు కట్టక్కర్లేని పెద్ద ఈత కొలను ఉంది, పిల్లలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బయటికి రారు. గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పగడపు దిబ్బల వరస 2,300 కిలోమీటర్ల పొడవు, దాన్ని 'చూసెయ్యడం' ఎవరి వల్లా కాదు. ముప్పావు గంట పడవలో గ్రీన్ ఐలండ్‌కి వెళ్ళి, అడుగున అద్దం ఉన్న పడవెక్కితే ఈత రాని అమ్మగారు కూడా పగడాలు చూడచ్చు. కురండా కొండ మీదికి 1891 నాటి రైలు మార్గం ఉంది, 15 సొరంగాలు. మీరు అరకు రైలెక్కి ఉంటే మాత్రం దానికోసం ప్రాణం పెట్టక్కర్లేదు. జూలైలో దారిలోని జలపాతంలో నీళ్ళు కూడా సన్నగానే ఉంటాయి.

అయినా నా మనసు ఉలూరు వైపే ఉందండీ. పగడపు దిబ్బలు మనకి అండమాన్‌లో ఉన్నాయి, ఎప్పుడైనా వెళ్ళచ్చు. ఆ రాయి ఇంకెక్కడా లేదు.

అమ్మానాన్నలు రెండోసారి వచ్చింది జూలైలోనే. ఈసారి ఒకే ఒక్క చోటు, మూడు రాత్రులు అనుకున్నాం. ఎక్కడికని అడిగితే, "ఆ ఎర్ర రాయి క్యాలెండర్లో చూశానమ్మా" అంది అమ్మ. చుట్టూ చదునైన ఎర్ర నేల, మధ్యలో 348 మీటర్ల ఎత్తున ఒకే రాయి. సాయంత్రం పొద్దు వాలుతుంటే ఇటుక రంగులోంచి నిప్పు రంగుకి, అక్కణ్ణుంచి వంకాయ రంగుకి మారుతుంది. ఆ అరగంటా నాన్నగారు నోట్‌బుక్ తియ్యలేదు.

మర్నాడు పొద్దున రాయి చుట్టూ నడిచాం. చుట్టుదారి 10 కిలోమీటర్ల పైచిలుకు, చదునైన నేలే. అమ్మ అరుణాచలంలో 14 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ రెండుసార్లు చేసిన మనిషి. ఇక్కడ కూడా కొండ కుడివైపున ఉండేలా నడుద్దామంది, అలాగే నడిచాం. నాలుగు గంటలు పట్టింది. నాన్నగారు మాతో రాలేదు, మాలా వాక్ అని రానుపోను 2 కిలోమీటర్ల దారి ఉంటే మెల్లిగా అది నడిచి నీడలో కూర్చున్నారు. చక్రాల కుర్చీ కూడా వెళ్ళే దారి అది, మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులున్నా ఇబ్బంది ఉండదు.

ఆ నేల అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలది. ప్రభుత్వం 1985 అక్టోబరు 26న వాళ్ళకి తిరిగి అప్పగించింది. అది తమకి పవిత్రమైన చోటు, ఎక్కొద్దని వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతూ వచ్చారు. ఎక్కేదారి మూసింది 2019లో, అదీ సరిగ్గా అక్టోబరు 26నే. చుట్టుదారిలో కొన్నిచోట్ల ఫోటోలు తియ్యొద్దని బోర్డులుంటాయి. అమ్మకి ఇంగ్లిష్ రాదు, నేను చదివి చెప్పగానే ఫోను సంచిలో పెట్టేసి, "గర్భగుడిలో తీస్తామా ఏంటి" అంది. మా అమ్మకి ఈ దేశంలో ఎవరూ వివరించి చెప్పక్కర్లేకుండా అర్థమైంది అదొక్కటే. అందుకే మీ అమ్మగారి కోసం ఇంత గట్టిగా చెప్తున్నాను. పాపకి బోరు కొడుతుందేమోనని భయపడకండి. రాత్రి దీపాలు లేని చోట ఆకాశం చూపించండి. పాలపుంత అంత స్పష్టంగా నేను ఇంకెక్కడా చూడలేదు.

నేను మీ స్థానంలో ఉంటే ఇలా చేస్తాను: సిడ్నీలో దిగి 2 రాత్రులు, అక్కణ్ణుంచి నేరుగా ఉలూరుకి మూడున్నర గంటల విమానం, అక్కడ 3 రాత్రులు, మళ్ళీ సిడ్నీలో 2 రాత్రులు. చివరి రెండూ సిడ్నీలో ఎందుకంటే దేశం లోపలి విమానం ఏ కారణంచేతనైనా ఆలస్యమైతే ఇంటికెళ్ళే విమానం తప్పిపోకుండా. మాకు ఒకసారి అలా విమానం తప్పిపోతే కొత్త టికెట్లు కొనుక్కున్నాం. దండగ.

ఒకటి చెప్పాలి. ఉలూరు చవక కాదు. దగ్గర్లో బస యులారా అనే ఒక్క చోటే, అందుకే రూము అద్దె సిడ్నీని మించిపోతుంది. ఆ ఖర్చు బరువనిపిస్తే నిస్సంకోచంగా కెయిర్న్స్‌కి 4 రాత్రులు ఇవ్వండి. అప్పుడు దిగేది కెయిర్న్స్‌లో, తిరిగి ఎక్కేది సిడ్నీలో అయ్యేలా మల్టీ సిటీ టికెట్ చూడండి. వెనక్కి రావడం తప్పుతుంది. ఏదైనా సరే, ఇక్కడ కూడా జూలై మొదట్లో బడి సెలవులు ఉంటాయి, రాష్ట్రానికో తేదీ. మీ సెలవు నెల రెండో సగానికి జరిపితే రేట్లు కాస్త దిగుతాయి.

సామాను సర్దేటప్పుడు చూసుకోండి. లోపల తిరిగే చవక విమానాల్లో చేతిసంచి 7 కిలోలు దాటకూడదు, నిజంగానే తూకం వేస్తారు. పచ్చళ్ళు, పొడులు, స్వీట్లు ఏం తెచ్చినా దిగేటప్పుడు ఇచ్చే కాగితంలో తినే వస్తువులు ఉన్నాయని తప్పకుండా రాయండి. రాసి చూపిస్తే మహా అయితే కొన్ని తీసి పారేస్తారు, రాయకుండా దొరికితే పెద్ద జరిమానా. పచ్చి కరివేపాకు, పళ్ళు అసలు తేకండి. ఉలూరు వెళ్ళేటట్టయితే పొద్దు పొడవకముందే చూడ్డానికి లేస్తారు కదా, ఆ వేళకి చలి నాలుగైదు డిగ్రీల్లో ఉంటుంది. అమ్మగారికి రెండు జతల ఉన్ని సాక్సులు, ఒక మంకీ క్యాప్ మర్చిపోకండి. మా అమ్మకి నేను మర్చిపోతే, నాన్నగారు తన మఫ్లరు తీసి కట్టారు.