నక్కకు ఎర పెట్టి కాల్చొచ్చా డాక్టరు గారూ?

పాడీ పంటా: మీ ప్రశ్నలకు తిరుపతిలో ఉంటున్న ఒక రిటైర్డ్ పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: మాది పాకాల దగ్గర పల్లె. నాలుగెకరాల మామిడి తోపు, పాతిక మేకలు, ఇంటి ముందర నాటుకోళ్లు ఉన్నాయి. ఈసారి ఈనిన మేకపిల్లలు రాత్రిపూట ఒకటీ అరా మాయమవుతున్నాయి. నక్కల పనే అంటున్నారు ఊళ్లో. మా తోపు పక్కనే బ్రాయిలర్ షెడ్డు ఉంది, చచ్చిన కోళ్లను వంక గట్టున పారేస్తుంటారు, అక్కడ రాత్రిళ్లు నక్కల కూతలు వినిపిస్తాయి. మా బామ్మర్ది అమెరికాలో మిన్నెసోటాలో ఉన్నాడు. అక్కడ కయోటీలని నక్కల్లాంటివి ఉంటాయంట. పొలంలో మాంసం ఎర వేసి, చెట్టుకు ట్రైల్ కెమెరా (జంతువు వస్తే దానంతటదే ఫోటో తీసేది) కట్టి, కదలికను పసిగట్టే మోషన్ సెన్సార్ పెడితే జంతువు రాగానే ఇంట్లో గంట మోగుతుందంట. కిటికీలోంచే కాల్చేస్తారంట. ఆ సామాన్లన్నీ ఇక్కడా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. మా పక్క తోపాయన దగ్గర తుపాకీ ఉంది. మనమూ అట్లా చేయొచ్చా? అలిపిరి దారిలో చిరుతకు ఫారెస్టోళ్లు బోను పెట్టి పట్టలేదా? మనం చేస్తే తప్పేంది?
(పేరు రాయొద్దన్నారు, పాకాల మండలం)

జవాబు: తుపాకీ సంగతి ముందు తేల్చేద్దాం. కెమెరా గురించి తర్వాత తీరిగ్గా చెబుతాను, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు నచ్చింది అదే.

కాల్చకూడదు. ఎర కూడా పెట్టకూడదు. వేట అంటే ఏమిటో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండో సెక్షన్‌లోనే రాసి ఉంది. చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, తరమడం, వాటితో పాటు ఎర వేయడం కూడా వేటే. ప్రయత్నం చేసినా వేటే. అంటే మీరు కోడి పేగులు గట్టు మీద వేసి కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, నక్క రాకముందే కేసుకు సరిపోతుంది. 2022లో ఈ చట్టాన్ని సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు నక్క మొదటి షెడ్యూల్‌లో ఉంది, పులీ చిరుతా ఉన్న జాబితాలోనే. శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పోవచ్చు. జరిమానా పాతిక వేలకు తగ్గదు. పక్క తోపాయన తుపాకీకి లైసెన్సు లేకపోతే ఆయుధాల చట్టం కింద ఇంకో కేసు. మేకలన్నీ అమ్మినా లాయరు ఫీజుకు చాలదు.

అలిపిరి విషయం వేరు. 2023 ఆగస్టులో నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్నాక అటవీ శాఖ, టీటీడీ కలిసి దారి పొడవునా కెమెరాలు కట్టించాయి, బోన్లు పెట్టించాయి. మనిషి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు మొదటి షెడ్యూల్ జంతువునైనా పట్టమని చట్టం పదకొండో సెక్షన్ కింద రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు ఉంది. ఆ ఉత్తర్వు కాగితం మీ దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. పైగా అక్కడ ముందు కెమెరాలు పెట్టి ఏ జంతువు ఎక్కడ తిరుగుతోందో చూసుకున్నారు. మీరు నేర్చుకోవాల్సింది ఆ భాగం.

ఇక మీ బామ్మర్ది చెప్పింది అబద్ధం కాదు. అక్కడ చాలా రాష్ట్రాల్లో కయోటీని ఏడాది పొడవునా కొట్టొచ్చు, ఇన్ని అనే లెక్క కూడా ఉండదు. చలి రాష్ట్రాల్లో మాంసం ముక్కలను బకెట్ నీళ్లలో వేసి గడ్డకట్టించి ఆ దిమ్మను పొలంలో పెడతారు. అట్లయితే కయోటీ నోట కరుచుకుని పరిగెత్తలేదు, అక్కడే నిలబడి కొరుకుతూ ఉండాలి. గాలి ఎటు వీస్తోందో చూసుకుని కూర్చుంటారు, అది వాసన పట్టడానికి గాలి వాలుకు చుట్టు తిరిగి వస్తుంది కాబట్టి. తెలివైన ఏర్పాటే, కాదనను. కానీ ఆ దేశంలోనూ అందరూ ఒప్పుకోవడం లేదు. అరిజోనాలో 2022 జనవరి నుంచి వేట కోసం ట్రైల్ కెమెరా వాడటమే నిషేధించారు. కెమెరా ఫోన్‌కు ఫోటో పంపిస్తుంటే అది వేటెట్లా అవుతుందన్నది వాళ్ల అభ్యంతరం. ఇంకో సంగతి కూడా మీ బామ్మర్దిని అడగండి. వందేళ్లుగా కాల్చి, బోనేసి, విషం పెట్టి చంపుతున్నా కయోటీలు తగ్గాయా? ఒకప్పుడు పడమటి మైదానాల్లో ఉండేవి, ఇప్పుడు చికాగో, న్యూయార్క్ నగరాల్లో కూడా తిరుగుతున్నాయి.

సరే, మీ మేకపిల్లల దగ్గరికి వద్దాం. నక్కల పనే అని మీకెవరు చెప్పారు? కూత వినిపించిందని అంతే కదా. నా సర్వీసు ఎక్కువగా చంద్రగిరి, పాకాల, పలమనేరు వైపే గడిచింది. నక్క పట్టిందని ఆస్పత్రికి మోసుకొచ్చిన మేకల్లో చాలా వాటిని పట్టింది ఊరకుక్కలే. కుక్క కరిస్తే తెలిసిపోతుంది. వెనక తొడలు, తోక మొదలు, చెవులు, డొక్కలు ఎక్కడపడితే అక్కడ చీరేస్తుంది. ఒకే రాత్రి నాలుగైదింటిని గాయపరుస్తుంది, తినేది మాత్రం తక్కువ. చిరుత అయితే గొంతు దగ్గర లోతుగా కోర దిగిన గుర్తులుంటాయి, ఈడ్చుకుపోయిన జాడ ఉంటుంది. నక్క పెద్ద మేక జోలికి రావడం అరుదు. దానిదంతా ఎనిమిది పది కిలోల ఒళ్లు. ఈనిన రెండు మూడు రోజుల పిల్లనైతే నోట కరుచుకుని పోగలదు.

మీ పిల్లలు మొత్తానికే మాయమవుతున్నాయంటున్నారు కాబట్టి నక్క కావచ్చు. చిరుత కావచ్చు. గుట్టకు దగ్గరైతే కొండచిలువ కావచ్చు. రెండు కాళ్ల దొంగ కూడా కావచ్చు, సంతల ముందు రోజుల్లో అది మామూలే. ఈ నలుగురిలో ఎవరో తెలియకుండా ఒకరిని కాల్చడం ఏం న్యాయం?

కెమెరా కొనండి. ఐదారు వేల నుంచి దొరుకుతాయి. మీ సొంత తోపులో, మీ దొడ్డి దగ్గర కట్టుకోవడానికి అడ్డేమీ లేదు. రిజర్వు ఫారెస్టు హద్దు దాటి చెట్టుకు కట్టొద్దు. ఆడవాళ్లు బయటికి వెళ్లే దారి వైపు తిప్పొద్దు, ఊళ్లో గొడవైపోతుంది.

అందులోని సెన్సార్‌ కదలికతో పాటు వేడి తేడా కూడా చూసుకుంటుంది. చుట్టూ ఉన్న నేల, చెట్లకంటే వేరే వేడి ఉన్నదేదో అడ్డంగా కదిలితేనే ఫోటో తీస్తుంది. అందుకే మన ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో అది చాలాసార్లు మొద్దుబారుతుంది. నేల వేడీ మేక ఒంటి వేడీ ఒకటైపోతే దానికేమీ కనిపించదు. రాత్రి బాగా పనిచేస్తుంది. కొండచిలువ చల్లటి ఒంటిది, దాన్ని ఈ కెమెరా పట్టకపోవచ్చు. ఫోటో ఏదీ పడకుండా పిల్ల పోతే ఆ అనుమానం కూడా పెట్టుకోండి. ఉదయపు ఎండ, సాయంత్రపు ఎండ కళ్లలో కొట్టకుండా ఉత్తరం వైపు తిప్పండి. ముందున్న గడ్డి, వాలిన కొమ్మలు కొట్టేయండి. లేకపోతే గాలికి ఊగిన ఆకులే కార్డు నిండా ఉంటాయి. మోకాలెత్తున కట్టండి, మనిషెత్తున కడితే నక్క వీపు పై నుంచి చూపు పోతుంది. దారికి ఎదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా పెడితే జంతువు ఎక్కువసేపు చూపులో ఉంటుంది. తేదీ, టైము సరిగ్గా పెట్టుకోండి. ఇది చాలామంది మర్చిపోతారు, రేపు నష్టపరిహారం అడగాలన్నా పోలీసు దగ్గరికి పోవాలన్నా పనికొచ్చేది అదే.

రాత్రిపూట ఫోటో తీయడానికి ఈ కెమెరా ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వేస్తుంది. కొనేటప్పుడు ఆ వెలుగు 850 నానోమీటర్లదా 940 నానోమీటర్లదా అని అడగండి. 850 రకం చీకట్లో వెలిగినప్పుడు సన్నటి ఎర్ర చుక్కలు కనిపిస్తాయి, ఫోటో బాగా వస్తుంది. 940లో చుక్కలు కనిపించవు, ఫోటో మాత్రం కొంచెం మసక. నక్కకైతే మొదటిది చాలు. మనిషి దొంగ మీద అనుమానం ఉంటే రెండోది. సిమ్ వేసే రకం కొనేముందు మీ తోపులో సిగ్నల్ వస్తుందో లేదో చూసుకోండి. మీ వైపు గుట్ట చాటున ఫోన్ మాట్లాడాలంటేనే మిద్దె ఎక్కాలి.

అమెరికా వాళ్ల గంట కూడా మంచిదే. దాన్ని ఎర దగ్గర కాకుండా దొడ్డి గేటు దగ్గర పెట్టండి. రాత్రి ఏది వచ్చినా ఇంట్లో మోగుతుంది, లేచి లైటు వేసి అరిస్తే నక్క అయినా కుక్క అయినా పోతుంది. సోలార్ సెన్సార్ లైట్లు రెండు తెచ్చి కట్టండి. వాటిని వారానికోసారి చోటు మార్చాలి. ఒకే చోట ఉంటే ఏ హానీ లేదని నక్క నాలుగు రోజుల్లో తెలుసుకుంటుంది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మీరు కొత్తగా ఎర పెట్టక్కర్లేదు, అక్కడ ఏడాదంతా ఎర ఉంది. వంక గట్టున పారేసే కోళ్లు ఏమిటనుకున్నారు? అమెరికాలో డబ్బులు పెట్టి చేసేదాన్ని మీ పక్క షెడ్డాయన ఊరికే చేస్తున్నాడు. ఆ వాసనకు నక్కలూ వస్తాయి, వాటికంటే ముందు ఊరకుక్కలు వస్తాయి, కుక్కల కోసం చిరుత వస్తుంది. మొదటి కెమెరాను ఆ గట్టు వైపు తిప్పి వారం రోజులు చూడండి. ఫోటోలు ప్రింటు తీసి షెడ్డాయనకు, పంచాయతీకి చూపించండి. చచ్చిన కోళ్లను లోతుగా గుంట తీసి సున్నం వేసి పూడ్చాలి, పైన కనీసం మూడడుగుల మట్టి ఉండాలి. మీ ఇంటి వైపు కూడా చూసుకోండి. మేక ఈనినప్పుడు పడిన మాయను దడి బయటికి విసిరేస్తారు మనవాళ్లు. దొడ్లో కూన పుట్టిందని దానికంటే గట్టిగా నక్కకు చెప్పేది ఇంకోటి లేదు. దాన్నీ పూడ్చండి. ఈనే మేకను రెండు వారాలు పైకప్పున్న కొట్టంలో కట్టేయండి. దొడ్డికి కట్టే మెష్ ఐదారడుగుల ఎత్తుండాలి, అడుగు భాగాన్ని ఒక అడుగు లోతు పాతాలి, లేదా నేల మీద బయటికి పరిచి రాళ్లు పెట్టాలి. నక్క దూకడం కంటే తవ్వడానికే చూస్తుంది. ఖర్చవుతుంది, కాదనను. తుపాకీ కేసుకయ్యే ఖర్చులో అది ఏ మూలకూ రాదు.

నక్కను పూర్తిగా తరిమేయాలని మాత్రం చూడకండి. చెనిక్కాయ చేలో, చెరుకు తోటలో పందికొక్కులనూ ఎలుకలనూ రాత్రంతా తినేది అదే. మీ తోపులో రాలిన మామిడిపండ్లూ తింటుంది, తిననివ్వండి, పండు ఈగ కొంతైనా తగ్గుతుంది.

చిరుత ఫోటో పడితే మాత్రం తర్వాత చూద్దామని కూర్చోవద్దు. వెంటనే ఫారెస్టు రేంజి ఆఫీసులో రాసివ్వండి. క్రూరమృగం మేకను చంపితే నష్టపరిహారం అడగొచ్చు. కళేబరాన్ని కదిలించకుండా ఫోటోలు తీసి, పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించాలి. ఆ కాగితం లేకుండా పరిహారం రాదు.

ప్రశ్న: అడవి పందులను మాత్రం కాల్చొచ్చని మా ఊళ్లో అంటున్నారు. బంగారుపాళెం వైపు కొందరు పంది బాంబులు పెడుతున్నారు. చట్టం ఒప్పుకుంటుందా?
(ఓ చెరుకు రైతు)

జవాబు: పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. నిలబడ్డ పైరును పాడుచేస్తుంటే చంపడానికి అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. కాగితం చేతికి రాకుండా కాలిస్తే అదీ నేరమే. నాటు బాంబుకు ఏ కాగితమూ లేదు, ఎవరూ ఇవ్వరు. పిండి ముద్దలో మందుగుండు పెడితే అది పంది తింటుందో ఆవు తింటుందో ఎవరు చెప్పగలరు? దవడ పేలిపోయిన పాడి ఆవును ముందు పెట్టుకుని ఇంటామె ఏడుస్తుంటే, కుట్లు వేయడానికి ఎముక కూడా మిగల్లేదని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ ఆవు మేత మేయలేదు, నీళ్లు తాగలేదు, కొన్ని రోజుల్లో చచ్చిపోతుంది. కంచెకు ఇంటి కరెంటు తగిలించడం కూడా అంతే, అందులో మొదట పడేది నీళ్లు పెట్టడానికి పోయిన మన మనిషే.

ప్రశ్న: పట్టపగలు నక్క వచ్చి మా ఆవును మూతి మీద కరిచింది. కర్రతో కొట్టినా పోలేదు. ఆవు పాలు తాగొచ్చా?
(ఓ గృహిణి, పుత్తూరు)

జవాబు: పగలు వచ్చి, మనిషిని చూసినా బెదరకపోతే రేబిస్ అనే అనుకోవాలమ్మా. గాయాన్ని పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. చేతికి గ్లౌజులు వేసుకోండి. పసుపు, కారం, సున్నం పూయొద్దు, కట్టు కట్టొద్దు. 1962కు ఫోన్ చేస్తే పశు అంబులెన్సు వస్తుంది. కరిచిన రోజు మొదటి టీకా, తర్వాత 3, 7, 14, 28 రోజులకు మిగతావి. ఒక్కటీ తప్పించొద్దు. పచ్చిపాలు తాగొద్దు, దూడకు తాగించొద్దు. ఆవు నోట్లో చెయ్యి పెట్టొద్దు, చొంగ కారుతుంటే ఏదో అడ్డం పడిందని చూడబోయి ముప్పు తెచ్చుకున్నవాళ్లున్నారు. కర్రతో కొట్టినాయనకు చిన్న గీత పడినా ఆలస్యం చేయకుండా తిరుపతి రుయాకో, దగ్గర్లోని ప్రభుత్వ ఆస్పత్రికో పంపండి. మీ ఇంటి కుక్కకు ఏటా వేయించే టీకా ఈ ఏడు వేయించారో లేదో కూడా ఈరోజే చూసుకోండి.