తడిగుడ్డను తూచి చూడు, తల్లీ

నెల్లూరు, మూలాపేట

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఒంగోలులో నెలలు నిండని పిల్లల వార్డులో నర్సుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పగలంతా వీధిలో కనిపించినవాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు.

చేతులు కడుక్కోవడం, బిడ్డను వెచ్చగా ఉంచడం, తల్లిపాలు పట్టడం నీకు వచ్చినవే. నా దిగులంతా పీడీఏ మందు గురించే. పీడీఏ అంటే, పుట్టాక మూసుకోవలసిన గుండె దగ్గరి రక్తనాళం తెరుచుకునే ఉండిపోవడం.

కడుపులోని బిడ్డకు ఊపిరితిత్తులతో పని ఉండదు కనుక, రక్తాన్ని నేరుగా బృహద్ధమనిలోకి మళ్లించే చిన్న గొట్టం ఉంటుంది. నెలలు నిండిన పిల్లలకు రెండు మూడు రోజుల్లో అదే మూసుకుంటుంది. ముందే పుట్టినవాళ్లకు తెరుచుకునే ఉండిపోతే రక్తం ఎదురు మళ్లి ఊపిరితిత్తులను ముంచుతుంది. ఆ గొట్టాన్ని తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్ అనే ఒంట్లోని రసాయనం. దాన్ని అణచడానికే ఇండోమెథాసిన్, ఐబుప్రొఫెన్, ఇప్పుడు పారాసిటమాల్ మందులు. కానీ పసివాళ్ల మూత్రపిండాలకు రక్తం అందేలా చూసేదీ ఆ ప్రోస్టాగ్లాండినే. ఇది పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. అవసరమైన రాత్రి మరిచిపోయాను.

ఉదయగిరి వైపు నుంచి వచ్చిన తల్లి. బిడ్డ ఇరవై ఎనిమిది వారాలవాడు, 1,100 గ్రాములు. ఐబుప్రొఫెన్ మొదటి రోజు 11 మిల్లీగ్రాములు పడింది. మర్నాడు రాత్రి అందులో సగం వేయాలి. ఆ రోజు అన్నం తినకుండా డ్యూటీకి వెళ్లాను. మూత్రం ఎలా పోస్తున్నాడని డాక్టరుగారు ఫోనులో అడిగారు. గుడ్డ కింద చెయ్యి పెట్టి చూశాను, తడిగా తగిలింది. బాగానే పోశాడండీ అన్నాను. రెండో మోతాదు ఎక్కించాను.

అది మూత్రం కాదు చిట్టీ. సెలైన్ గొట్టం అతుకు దగ్గర చుక్కచుక్కగా కారిన నీళ్లు. తెల్లారేసరికి కనురెప్పలు ఉబ్బాయి, కాలు నొక్కితే గుంట పడింది. మూడో మోతాదు ఆపేశారు. నాలుగో రోజు ఉదయం 20 గ్రాముల పొడిగుడ్డ 29 గ్రాములు తూగింది. తొమ్మిది మిల్లీలీటర్ల మూత్రం! త్రాసు ముందే ఏడ్చాను. ఎందుకో తెలియక ఆ తల్లి తన కొంగుతో నా కళ్లు తుడిచింది. డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆమెకు చెప్పే ధైర్యం రాలేదు.

అందుకే, ప్రతి మోతాదుకు ముందు తూచు. గ్రాము పెరిగితే ఒక మిల్లీలీటరు. కిలోకి గంటకు 0.6 మిల్లీలీటరు కూడా రాకపోతే మందు ముట్టకుండా డాక్టరుకు చెప్పు, అర్ధరాత్రయినా సరే లేపు. కసురుకుంటే కసురుకోనీ. పొట్ట ఉబ్బినా, విరేచనంలో రక్తం కనిపించినా అంతే. ఎకో, అంటే గుండె స్కానింగ్, తీయకుండా ఈ మందు మొదలుపెట్టరు. కొన్ని పుట్టుకతో వచ్చే గుండెలోపాల్లో ఆ గొట్టమే బిడ్డకు ప్రాణాధారం. ఇప్పుడు చాలామంది డాక్టర్లు మందు వేయకుండా కొన్నాళ్లు చూస్తున్నారు, చాలా పిల్లల్లో తనంతట తానే మూసుకుంటుంది కనుక. అది అశ్రద్ధ అనుకుని నొచ్చుకోకు.

మీ అమ్మ చేత గోంగూర పచ్చడి పంపుతున్నాను. రాత్రి డ్యూటీకి అన్నం తినే వెళ్లు.

నీ పెద్దమ్మ