హ్యాండ్‌బ్రేక్ పైదాకా వస్తోందా? ముందే కేబుల్ బిగించకండి

లీవర్ పది క్లిక్కులు లాగినా సెల్లార్ ర్యాంపు మీద కారు జారుతోంది, కేబుల్ బిగిస్తే చాలా అని అడిగారు. వెనక డ్రమ్ బ్రేకులున్న చిన్న కారైతే కేబుల్ అన్నిటికంటే చివరి పని. లీవర్ దగ్గరి నట్టు రెండు చుట్లు తిప్పి పంపేసే మెకానిక్కులకు కొదవ లేదు. అయిదు నిమిషాల్లో అయిపోతుంది కదా!

అసలు సంగతి చక్రంతో పాటు తిరిగే డ్రమ్ములో ఉంటుంది. డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుకుని బండిని ఆపే షూలు అరిగే కొద్దీ వాటిని డ్రమ్ముకు దగ్గరగా జరిపే అడ్జస్టర్ దుమ్ముకో తుప్పుకో పట్టేస్తుంది. మధ్యలో ఖాళీ పెరుగుతుంది, లీవర్ లాగుడంతా ఆ ఖాళీకే ఖర్చవుతుంది. అప్పుడు కేబుల్ బిగిస్తే, హ్యాండ్‌బ్రేక్ దించినా డ్రమ్ములో కేబుల్ లాగే మీట పూర్తిగా వెనక్కి పోదు. అడ్జస్టర్ అసలే పనిచెయ్యదు, షూలు రాసుకుని డ్రమ్ము వేడెక్కుతుంది.

చదునైన చోట బండిని గేరులో పెట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు వెయ్యండి. వెనక చక్రాల నట్లు కాస్త వదులు చేశాకే జాకీ ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్నీ నమ్మొద్దు. చక్రాలు తీసి, హ్యాండ్‌బ్రేక్ దించి డ్రమ్ము ఊడదీయండి. రాకపోతే చాలా డ్రమ్ములకు మరలున్న రెండు రంధ్రాలుంటాయి, వాటిలో 8 మి.మీ. బోల్టులు సమంగా బిగిస్తే అదే బయటికి వస్తుంది. లోపలి దుమ్మును గాలితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. డ్రమ్ము బయటున్నప్పుడు బ్రేక్ పెడల్ తొక్కొద్దు, షూలను తోసే సిలిండర్‌లోంచి పిస్టన్లు ఊడతాయి.

షూల మీద అరిగే పొర, అంటే లైనింగు, 1 మి.మీ.కు వచ్చినా, సిలిండర్ కారి బ్రేక్ ఆయిల్ అంటినా, షూలు రెండు చక్రాలకూ మార్చాల్సిందే. బాగుంటే అడ్జస్టర్ శుభ్రం చేసి, మరలకు బ్రేక్ గ్రీజు పలచగా రాసి, డ్రమ్ము కొంచెం రాసుకుంటూ ఎక్కేంతవరకూ అడ్జస్టర్‌ను తిప్పండి. రెండు డ్రమ్ములూ ఎక్కించాక పెడల్ ఇరవైసార్లు తొక్కండి.

లీవర్ ఎత్తు ఇప్పుడు చూడండి. చాలా చిన్న కార్లకు 5-8 క్లిక్కులు మామూలే, కచ్చితమైన లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. ఇంకా ఎక్కువొస్తేనే కేబుల్ నట్టు, అదీ అర చుట్టు చొప్పున. రెండు కేబుళ్లను కలిపే పట్టీ వంకరగా నిలిస్తే ఒక కేబుల్ తొడుగులో పట్టేసినట్టే. నట్టుతో అది కుదరదు, మార్చాలి.

లీవర్ దించితే రెండు చక్రాలూ చేత్తో తేలిగ్గా తిరగాలి. అయిదు కిలోమీటర్లు నడిపాక చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి: ఒక చక్రం రెండోదానికంటే బాగా వేడిగా తగిలితే ఆ వైపు ఎక్కువ బిగిసింది.