బ్రిటన్‌లో స్థిరపడ్డాక రాజరికం మీద మీ అభిప్రాయం మారిందా?

మారింది, కానీ మీరు అనుకుంటున్న వైపుకి కాదేమో.

వచ్చిన కొత్తలో రాజు, రాణి అంటే ఒళ్లు మండేది. టవర్ ఆఫ్ లండన్‌లో కోహినూర్ చూడ్డానికి వెళ్లాను. కిరీటాల ముందు నేలే కదులుతూ ఉంటుంది, మన ఎయిర్‌పోర్టుల్లో ఉండే నడక బెల్టులాగా. మన కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకునే వజ్రం కదా, తనివితీరా చూసుకునేలోపే పక్కకి లాక్కుపోయింది. చుట్టూ తిరిగొచ్చి మళ్లీ ఎక్కాను. మూడుసార్లు.

2019లో పౌరసత్వం వచ్చింది. ఎలిజబెత్ రాణికి, చట్టప్రకారం ఆమె వారసులకు విధేయుడిగా ఉంటానని అందరి ముందూ చెప్పాలి. దేవుడి పేరు వద్దనుకుంటే తీసేసే వీలుంది, రాణి పేరు తీసేసే వీల్లేదు! గుంటూరు జిల్లాలో పుట్టిన మా తాతయ్య ఐదో జార్జి ప్రజ. ఆయన్ని ఎవరూ అడగలేదు. నేనేమో 24 ప్రశ్నల పరీక్ష రాసి, ఫీజు కట్టి మరీ అయ్యాను. ఆ రోజు నవ్వొచ్చింది. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి, తర్వాత నా పాత పాస్‌పోర్టు క్యాన్సిల్ ముద్రతో తిరిగొచ్చింది. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. దాన్ని బీరువాలో పెళ్లి ఫోటోల కింద పెట్టాను.

2022 సెప్టెంబరులో రాణి పోయాక, రాజరికమంటే పడని మా ఆఫీసు ఆవిడ ఒకామె రాణి శవపేటిక ఉంచిన వెస్ట్‌మినిస్టర్ హాల్ క్యూలో రాత్రంతా నిలబడింది. ఎందుకని అడిగితే, "మా అమ్మ బతికుంటే వచ్చేది, అందుకు" అంది. దాంతో నా వెటకారం తగ్గింది. వాళ్లకి రాణి అంటే ప్రభుత్వం కాదు, ఇంటి జ్ఞాపకం.

ఇంకోటి. 1947 తర్వాత కూడా, 1950 జనవరి 26 దాకా మన దేశానికి ఆరో జార్జే రాజు. స్కూల్లో ఆ రోజంటే పెరేడ్, చాక్లెట్లు, అంతే. రెండు పండగలు ఎందుకో నాకు ఇక్కడికొచ్చాకే అర్థమైంది. ఇప్పుడు జనవరి 26కి సెలవు పెడుతున్నాను. ఇక్కడ రాజు కావాలా వద్దా అని ఓటు పెడితే వద్దనే వేస్తాను, క్యూలో నిలబడ్డవాళ్లని మాత్రం వెక్కిరించను.

2023 మే 6న చార్లెస్ పట్టాభిషేకం టీవీలో చూస్తున్నాం. చూసేవాళ్లు కూడా ఇష్టమైతే విధేయత ప్రమాణం చెప్పొచ్చన్నారు. "చెప్పవా?" అంది మా ఆవిడ. "ఒకసారి చెప్పాను, ఫీజు రసీదు కూడా ఉంది" అన్నాను.